జంబులింగం దొరగారి తలుపు

సముద్రం పక్కన సేద్యం చేసేవాడికి ఇద్దరు పొరుగువాళ్లుంటారు. ఒకటి సముద్రం. రెండోది, సముద్రం మీద పెత్తనం కూడా తనదేనని చెప్పుకునేవాడు. గవ్వలదిబ్బ జంతువులకి మొదటి పొరుగుతో పెద్ద పేచీ ఎప్పుడూ లేదు. రోజుకి రెండుసార్లు పోటు పెట్టి పైకొస్తుంది, రెండుసార్లు పాటు పట్టి వెనక్కి పోతుంది, చెప్పిన వేళ తప్పదు. పేచీ అంతా రెండో పొరుగుతోనే. ఆయన పేరు జంబులింగం. జాతికి నక్క.

గవ్వలదిబ్బ చేలన్నీ ఒక మురుగు కాలువకి అటూ ఇటూ ఉన్నాయి. వాన కురిస్తే నీళ్లు చేలల్లోంచి కాలువలోకి, కాలువలోంచి సముద్రంలోకి పోవాలి. సరిగ్గా ఆ పోయే చోట, కాలువ నోటికి అడ్డంగా, జంబులింగం ముత్తాత ఒక మట్టిగట్టు వేయించాడు. గట్టు వెనక నీళ్లు నిలిస్తే అందులో చేపలు బలుస్తాయి, ఆ చేపలు తిని నక్కలు బలుస్తాయి. ఆ ముత్తాత ఒకనాడు గట్టు మీద పడుకుని కునుకు తీశాట్ట. లేచేసరికి గట్టు ఆయనదైంది. ఇదేదో బాగుందే అనుకుని మర్నాడు చేలల్లో కూడా పడుకుని చూశాట్ట. అప్పట్నుంచి దున్నేది ఎవరైనా, తాటాకు మీద పేరు మాత్రం నక్కదే.

ఆ చేలల్లో అన్నిటికన్నా పల్లపు చేను కౌలుకి చేసేవాడు గంగులు. ఎద్దు. ఒక మూపు మీద కాడి మచ్చ, రెండో మూపు మీద కూడా కాడి మచ్చే. మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది. ఏం అడిగినా "చూద్దాం" అంటాడు. అందరూ దాన్ని ఓర్పు అనుకునేవారు. నిజానికి అది భయం. ఆ భయానికి కారణం ఉంది.

ముందటేడు తుపానొచ్చినప్పుడు చేలు నిండా మునిగాయి. నీళ్లు కదలవు. గంగులు ఆ ఒక్కసారీ చూద్దాం అనలేదు. పరుగెత్తుకెళ్లి కొమ్ములతో కుమ్మి గట్టుకి గండి కొట్టేశాడు. పాపం, అది పోటు వేళ. చేలల్లో నీళ్లు బయటికి పోవడం మాట అటుంచి, సముద్రమే గండిలోంచి చేలల్లోకి వచ్చేసింది. ఆ పంట పోయింది. ఉప్పు దిగి, పోయిన ఏడు నారు కూడా బతకలేదు. చేలు సున్నం వేసినట్టు తెల్లగా మెరిశాయి. అప్పట్నుంచి గవ్వలదిబ్బలో ఎవరు గట్టు మాటెత్తినా, మిగతావాళ్లు గంగులు వైపు చూసి ఊరుకునేవారు. తిట్టినా బాగుండేదని గంగులు ఎన్నోసార్లు అనుకున్నాడు.

జంబులింగం మాత్రం తిట్టకుండా వదల్లేదు. "ఏరా గంగులూ, రెండు పంటలు పోగొట్టావు. మూడోది కూడా పోయిందనుకో, చేను వదిలెయ్యి. ఎగువన ఇటుక బట్టీలో బండి లాగడానికి ఎద్దు కావాలంటున్నారు. నీ సంగతి చెప్పి ఉంచాను" అన్నాడు.

గంగులు ఇటుక బట్టీ చూశాడు ఒకసారి. అక్కడ గడ్డి లేదు, నీడ లేదు, కాళ్ల కింద మెత్తటి నేల లేదు. ఈ పంట నిలబెట్టుకోవడం తప్ప అతనికి ఇంకో దారి లేదు.

అడక్కుండా చేసి చెడ్డాడు కాబట్టి, ఈసారి అన్నీ అడిగే చేద్దామనుకున్నాడు. తొలకరికి ముందే వెళ్లి గట్టు కింద నిలబడ్డాడు.

"దొరా, గట్టుకి నీళ్లు పోయే దారి ఒకటి పెట్టించండి."

జంబులింగం కాలువ వంక చూపించాడు. "నీళ్లేవిరా? ఎండిపోయి బీటలు తీసుంటే నీళ్లకి దారంటావేంటి? వానలు పడ్డాక రా."

వానలు పడ్డాక వెళ్లాడు.

"ఇప్పుడా వచ్చేది? ఇంత నీళ్లలో పనెలా చేస్తార్రా? ఎండాకాలం రా."

గంగులు కాసేపు ఆలోచించాడు. ఆ రెండు మాటల మధ్య పని చేసే కాలం ఏదో అతనికి ఎంతకీ తట్టలేదు. పక్కనే ఒంటికాలి మీద నిలబడి ఉన్న కొంగని అడిగాడు. కొంగ ఆ ఊరికి కరణం, అంటే దొర చెప్పింది తాటాకు మీద రాసేవాడు.

"అర్జీ ఇవ్వు. అయితే భూమి ఎవరి పేరునుందో వాళ్లే ఇవ్వాలి" అంది కొంగ.

"భూమి దొరగారి పేరునుంది కదండీ."

"అయితే దొరగారే దొరగారికి అర్జీ పెట్టుకోవాలి. ఆయనకి తీరిక లేదు."

గంగులు తల దించుకుని తిరిగొచ్చాడు. దారిలో మంగాయి ఎదురైంది. మంగాయి బాతు. చిన్న ప్రాణం, పెద్ద నోరు. ఆమెదీ కౌలు చేనే, గంగులు చేనుకి పక్కనే.

"ఏమన్నాడు అన్నయ్యా?"

"చూద్దాం అన్నాడు."

"ఆ మాట నువ్వు అంటావు గానీ అతను అనడు. నిజం చెప్పు."

గంగులు నిజం చెప్పాడు. మంగాయి అక్కడే రోడ్డు మీద నిలబడి జంబులింగం ముత్తాత నుంచి మొదలుపెట్టి వరసగా అందర్నీ తిట్టింది. కాస్త ఊపిరి తీసుకున్నాక, "పద, ఎండ్రయ్య తాత దగ్గరికి పోదాం" అంది.

ఎండ్రయ్య ముసలి పీత. కాలువ నోటి దగ్గరే బొరియ. గవ్వలదిబ్బలో సముద్రం మాట తెలిసినవాడు ఆయనొక్కడే, ఆయన్ని ఎవరూ అడగరు, ఎందుకంటే అడ్డంగా నడుస్తాడు. వీళ్లు వెళ్లేసరికి ఆయన ఒక మట్టిబిళ్లని బొరియ నోటికి సరిచేసుకుంటున్నాడు.

"ఏంటి తాతా అది?" అన్నాడు గంగులు.

"తలుపురా. పోటొస్తుంటే మూస్తాను, పాటు పడితే లోపల్నుంచి తోస్తాను. నా ఇంట్లోకి సముద్రం రాదు, నా ఇంట్లో నీళ్లు నిలవవు."

గంగులు ఆ మట్టిబిళ్ల వంక చాలాసేపు చూశాడు. పీత దాన్ని తోసినప్పుడల్లా బయటికి తెరుచుకుంటోంది. బయటినుంచి అల కొడితే గట్టిగా మూసుకుంటోంది.

"తాతా, ముందటేడు నేను చేసింది..."

"నువ్వు గట్టు తెంచడం తప్పు కాదురా. వేళ తప్పు. అంతే. అయితే గట్టు కట్టడం, లేకపోతే గట్టు తెంచడం. మీకు ఈ రెండే తెలుసు. తలుపనేది ఒకటుందని మీ బుర్రలకి తట్టదు."

గంగులుకి రెండేళ్లలో మొదటిసారి మెడ తేలికగా అనిపించింది. "పైనుంచి వేలాడేట్టు తాటిపట్టెలతో పెద్ద తలుపు చేద్దాం. సముద్రం పక్కకి వేలాడదీస్తే, లోపలి నీళ్లే దాన్ని తోసుకుని పోతాయి. సముద్రం తిరగబడితే అదే మూసేస్తుంది. మనం కాపలా కూడా ఉండక్కర్లేదు" అన్నాడు. అంత పొడుగు మాట అతను ఏనాడూ మాట్లాడలేదు. మంగాయి నోరు తెరుచుకుని విన్నది.

"అంతా బానే ఉంది. దొర ఒప్పుకోవాలిగా? అదీ నేను చూస్తాను. నువ్వు నా వెనక నిలబడు. నోరు మాత్రం విప్పకు" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గట్టు దగ్గరికి వెళ్లారు. జంబులింగం పైన కూర్చుని తోక దువ్వుకుంటున్నాడు, పక్కన కొంగ. ఆయన తోకంటే ఆయనకి ప్రాణం. గట్టు దిగితే బురద అంటుతుందని పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా కిందికి దిగలేదు.

"దొరా, మీ చేపలు బాగున్నాయా?" అంది మంగాయి.

"నా చేపల ఊసు నీకెందుకే?"

"పాపం ఎప్పుడూ కాలువ చేపలే తింటున్నారని. పెద్ద తుపాను పోటుకి సముద్రం చేప ఎంతొస్తుందండీ ఈ గట్టు దాకా! తలలు కొట్టుకుని వెనక్కి పోతుంది. అదే గట్టుకి ఒక తలుపుంటే..."

జంబులింగం దువ్వడం ఆపాడు. "ఉంటే?"

"ఒక పక్కకే తెరుచుకునే తలుపండి. వచ్చింది లోపలికొస్తుంది. తిరిగి పోదామంటే తలుపు మూసుకుంటుంది."

"వచ్చింది పోదన్నమాట!" నక్క నాలుకతో మూతి తుడుచుకున్నాడు. అంతలోనే కళ్లు చిన్నవి చేశాడు. "ఇందులో మీకేంటి లాభం?"

మంగాయి ఏదో చక్కటి అబద్ధం నోటి దాకా తెచ్చుకుంది. అంతలో గంగులు అనేశాడు. "చేలల్లో నీళ్లు బయటికి పోతాయని మా ఆశండి."

మంగాయి అతని కాలు మీద ఒక్క పోటు పొడిచింది. జంబులింగం మాత్రం పడీపడీ నవ్వాడు. "నీళ్లు పోయే తలుపట! చూశావా కరణం, వీడి తెలివి? లోపలికి చేపలొచ్చే తలుపులోంచి వీడి నీళ్లు బయటికి పోతాయట. పోనీలే, ఆ ఆశతోనైనా పని ఊడిగానికి చేస్తారు. రాయి."

కొంగ రాసింది. చదివి వినిపించింది కూడా. "ఇందుమూలంగా సమస్త జంతువులకు తెలియజేయడమేమనగా, దొరవారి గట్టునందు దొరవారి తలుపు నిలపవలెను. పౌర్ణమి పోటు వేళ దొరవారే స్వయంగా తాడు తెంచి ప్రారంభించెదరు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆ తలుపును ఎవ్వరూ లాగరాదు, తోయరాదు, ముట్టరాదు." జంబులింగం కింద పంజా గుర్తు వేశాడు. చివరి మాట ఆయనే చేర్పించాడు, తన చేపలకి ఎవరి చెయ్యీ తగలకూడదని.

"దొరా, తలుపు ఏ పక్కకి వేలాడదియ్యమంటారు? సముద్రం పక్కకా, చేల పక్కకా?" అని అడిగాడు గంగులు.

"తలుపు తలుపే కదరా! పక్కేంటి?"

"పక్కని బట్టే ఉంటుందండి..."

"బురద పనులు నన్నడుగుతావా? పో అవతలికి."

అనుమతి దొరికింది గానీ పని చేసే చేతులు దొరకలేదు. గంగులు ఇంటింటికీ వెళ్లాడు. "మా చేను మెరకలో ఉంది, మునిగేది మీరు" అంది మేక. "నువ్వు గట్టు ముట్టుకుంటే ఏమవుతుందో మాకు తెలుసులే" అంది కోడి. గంగులు వాదించలేదు. తిరిగొచ్చి ఒక్కడే తాటిదూలం లాగడం మొదలుపెట్టాడు. రెండో రోజుకి పందులొచ్చాయి. బురద తవ్వుతున్నారంటే పందుల్ని ఎవరూ బతిమాలక్కర్లేదు. మూడో రోజు కోడి ఊరికే చూసిపోదామని వచ్చి, కొబ్బరితాళ్లు పేనుతూ కూర్చుంది. మేక మాత్రం మెరక మీద నిలబడి ఉచిత సలహాలిచ్చింది.

ఎండ్రయ్య వేళలు చెప్పాడు. "అష్టమికి పోటు చిన్నది. ఆ రెండు రోజుల్లోనే గట్టు కొయ్యాలి, దూలాలు దించాలి. ఆలస్యం చేశారా, మళ్లీ ముందటేడే."

పట్టెలు వచ్చిన రోజు గంగులు గట్టు కింద నిలబడి మళ్లీ అడిగాడు. "దొరా, ఏ పక్కకి?"

"మళ్లీ అదే గోలా? తోక ఆరబెట్టుకుంటున్నాను, కనబడ్డం లేదూ?"

తలుపు ఎత్తే రోజు మూడోసారి అడిగాడు. ఈసారి గట్టిగా, అందరూ వినేట్టు. "సముద్రం పక్కకి వేలాడదీస్తున్నాం దొరా. దిగొచ్చి ఒక్కసారి చూడండి."

"నేను? బురదలోకా?" జంబులింగం ముఖం చిట్లించాడు. "ఏ పక్కకి పెట్టుకుంటావో పెట్టుకో. నా చెవులు తినకు."

మంగాయి రెక్కల్లో ముక్కు దాచుకుని నవ్వుకుంది. తలుపు సముద్రం పక్కకే వేలాడింది. కింద కొసని కొబ్బరితాడుతో గట్టు మీది దూలానికి బిగించి కట్టారు.

అప్పటికి కార్తీకం. వరి ఈని, గింజ పాలు పోసుకుంటోంది. రెండేళ్ల ఉప్పు కడుక్కుపోయి, గంగులు చేను ఆ ఏడు ఎంత బాగుందంటే, అతను రోజూ పొద్దున చేను గట్టు మీద నిలబడి ఏ పనీ లేకుండా దాన్నే చూసేవాడు. దశమి నాడు కాకి అరుచుకుంటూ వచ్చింది. "తుపాను! తుపాను! పెద్ద తుపాను!"

"మనకేనా?" అని అడిగాడు గంగులు.

"తీరం మొత్తానికి!"

"ఏ పూటకి?"

"అది నాకు చెప్పలేదు. అరవమన్నారు, అరుస్తున్నాను."

అంతకుముందు రెండుసార్లు అది అలాగే అరిచింది, ఆకు కూడా కదల్లేదు. అందుకని ఎవరి పనుల్లో వాళ్లున్నారు. గంగులు మాత్రం ఎండ్రయ్య దగ్గరికి వెళ్లాడు. ముసలి పీత కళ్లు పైకి పెట్టి సముద్రం వంక చూసి, "అలల మధ్య ఎడం పెరిగింది. పౌర్ణమి లోపే వచ్చేస్తుందిరా" అన్నాడు.

త్రయోదశి పొద్దుటికి వాన పట్టుకుంది. చీకట్లు కమ్మిన ఆకాశం, వంగిపోయిన తాడిచెట్లు, ఇంటికప్పుల్ని పీకేసే గాలి. చతుర్దశికి చేలు మునిగాయి. పౌర్ణమి పొద్దున గంగులు చేనులో కంకుల కొసలు మాత్రం నీళ్ల మీద తేలుతున్నాయి. మధ్యలో మూడు పాట్లు వచ్చి ఊరికే పోయాయి. తలుపుకి తాడుంది, తాడుకి దొరగారి ఆజ్ఞ ఉంది.

"తెంచేద్దాం అన్నయ్యా. నేను పొడిచేస్తాను తాడుని" అంది మంగాయి.

గంగులు మునిగిన చేను వంక చూశాడు. అయినా తల ఊపలేదు. "మనం తెంచితే మన నేరం అవుతుంది. ఆ సాకుతో రేపు తలుపే పీకించేస్తాడు. అతనే తెంచాలి. ఎన్నాళ్లు ఆగుతుంది తాతా గింజ?"

"మూడు రోజులు. వాన పట్టిన రోజుతో కలిపి ఇవాళ మూడోది. ఈ పాటు పోయిందా, ఇక నువ్వు కోసేది గడ్డే" అన్నాడు ఎండ్రయ్య.

పొద్దు నడినెత్తికొచ్చే వేళకి జంబులింగం వేంచేశాడు. నెత్తి మీద తామరాకు, తోక మీద ఇంకో తామరాకు. సముద్రం ఉరుముతూ గట్టు మీదికి వస్తోంది. దొర ఒకసారి గొంతు సవరించుకుని, ఎవరికీ వినబడని ఉపన్యాసం ఒకటి ఇచ్చి, వంగి పళ్లతో తాడు తెంపాడు.

తలుపు కదల్లేదు.

సముద్రం దభేలుమని కొట్టింది. తలుపు ఇంకా గట్టిగా బిగుసుకుంది.

"ఏదీ? తెరుచుకోదేం? చేపలేవి?" అన్నాడు జంబులింగం.

"బయటినుంచి సముద్రం నొక్కుతోంది దొరా. అందుకే మూసుకుంది" అన్నాడు గంగులు.

ఆ మాటకి ఒక్కసారిగా గగ్గోలు పుట్టింది. మెరక మేక కూడా వచ్చింది, ఎందుకంటే నీళ్లు ఇప్పుడు మెరక ఎక్కి ఆమె గుమ్మంలోకి వచ్చాయి. "మూసుకుందట! ముందటేడు తెరిచి ముంచాడు, ఈయేడు మూసి ముంచుతున్నాడు! తవ్వండ్రా గట్టు!" అని అరిచింది. పందులు మూతులు వంచి మట్టి పెళ్లగించడం మొదలుపెట్టాయి. సరిగ్గా ముందటేడు అతను చేసిన పనే, సరిగ్గా ముందటేడు వేళకే.

గంగులు నడిచి వెళ్లి గట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.  

"ఒక్క చెంచా మట్టి తీసినా సముద్రం లోపలికొస్తుంది. ఆ తప్పు ఎలా ఉంటుందో మీకన్నా నాకే బాగా తెలుసు. రెండేళ్లు దాన్ని మోశాను. నన్ను తొక్కుకుని వెళ్లి తవ్వండి, కాదనను. ఆగగలిగితే మాత్రం, పోటు తిరిగేదాకా ఆగండి."

ఎవరూ కదల్లేదు. ఎద్దుని తొక్కుకుని వెళ్లడం అంత సులువు కాదు, అదీ ఒక కారణం.

పైనుంచి జంబులింగం అరిచాడు. "ఆగడమేంట్రా? తలుపు లోపలికి లాగండి! నా చేపలు వెనక్కి పోతున్నాయి!"

"దొరవారి ఆజ్ఞ" అంది మంగాయి, కొంగ గొంతుతో. "ఎవ్వరూ లాగరాదు, తోయరాదు, ముట్టరాదు. కరణంగారూ, అంతేనా?"

కొంగకి చేతిలో తాటాకు ఉంది, అందులో రాత ఉంది, కింద పంజా ఉంది. "అంతే" అంది.

అలా ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. వాన మొహాల మీద కొడుతోంది. మేక సణుగుతోంది. కాలువలో నీళ్లు అంగుళం అంగుళం పెరుగుతున్నాయి. ఎండ్రయ్య గట్టు అంచున ఒక చెక్కని పట్టుకుని నీటి గీత చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన అన్నాడు.

"తిరిగింది."

ముందు ఎవరికీ ఏమీ కనబడలేదు. తర్వాత తలుపు కిర్రుమంది. కింద అంచు జానెడు లేచింది. ఆ జానెడులోంచి నీళ్లు ఎర్రగా, బురదగా, ఒక్క ఉదుటున బయటికి దూకాయి. జానెడు మూరైంది. మూర నిలువైంది. మూడు రోజుల వాన, గవ్వలదిబ్బ చేలన్నిటి నీళ్లూ ఆ తలుపుని తోసుకుంటూ సముద్రంలోకి పరుగెత్తాయి. పందులు కేరింతలు కొట్టాయి. కోడి ఏడ్చింది. గంగులుకి కూడా ఏడుపొచ్చింది, వాన ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నీళ్లతో పాటు ఇంకోటి కూడా పోతోంది. జంబులింగం ముందుగా చూశాడు దాన్ని. కాలువలో ఏడాదంతా బలిసిన ఆయన చేపలు, బారులు బారులుగా, తళతళలాడుతూ, తలుపు కిందనుంచి సముద్రంలోకి పోతున్నాయి.

"నా చేపలు! మూయండ్రా! మూయండి!"

ఆజ్ఞ ఉంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఇక చేసేది లేక జంబులింగం తామరాకులు రెండూ విసిరేసి, గట్టు దిగి, తలుపుకి వీపు ఆనించి శక్తికొద్దీ వెనక్కి తోశాడు. చేలన్నిటి నీళ్లూ ఒక పక్క, ఒక్క నక్క ఇంకో పక్క. రెప్పపాటులో ఆయన ఎగిరి అవతల ఒండు బురదలో కూరుకున్నాడు. మెడ దాకా ఒండు. ప్రాణంగా చూసుకునే తోక ఎక్కడుందో కూడా తెలియడం లేదు.

గంగులు ఒడ్డునుంచి తాడు అందించాడు. ఆయన తెంచిన తాడే. జంబులింగం పళ్లతో పట్టుకున్నాడు, గంగులు ఒక్క లాగు లాగాడు. బయటపడ్డాక దొర ముందు ఉమ్మి, తర్వాత అరిచాడు.

"తలుపు తప్పు పక్కకి పెట్టావురా!"

"ఏ పక్కకి అని మూడుసార్లు అడిగాను దొరా."

"నన్ను మోసం చేశావు!"

"నీళ్లు బయటికి పోతాయని మొదటిరోజే చెప్పాను. మీరు నవ్వారు."

జంబులింగం ముఖం తిప్పుకుని తోక మీది ఒండు గీక్కోవడం మొదలుపెట్టాడు. 

సాయంత్రానికి చేలల్లో నీళ్లు మోకాటి దాకా దిగాయి. పోటు మళ్లీ వచ్చింది, తలుపు దానంతటదే మూసుకుంది. ఒక్క చుక్క ఉప్పు నీరు లోపలికి రాలేదు. మర్నాటి పాటుకి చేల గట్లు బయటపడ్డాయి. గంగులు చేనులో పడిపోయిన చోట పడిపోగా, మిగిలిన వరి తల ఎత్తుకుని నిలబడింది. మంచి ఏళ్లలో పండినంత రాలేదు, నిజమే. అయినా రెండేళ్ల తర్వాత గవ్వలదిబ్బలో కుప్ప పడింది. ఆ కుప్పలోంచే దొర కౌలు గింజలు కూడా వెళ్లాయి, అవీ రెండేళ్ల తర్వాతే. జంబులింగం వాటిని గొణుక్కుంటూనే లోపలికి తీయించుకున్నాడు. ఇటుక బట్టీ ఊసు మళ్లీ ఎత్తలేదు. తలుపు కింద వారానికోసారి గుర్రపుడెక్క కలుపు తీయాలి, తాళ్లు మార్చాలి, ఆ పని తెలిసిన ఎద్దుని పంపించేస్తే బురదలోకి దిగాల్సింది ఎవరో ఆయనకి బాగా అర్థమైంది.

మెరక మేక మాత్రం, "మనం కట్టిన తలుపు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. గంగులు కాదనలేదు. మంగాయి కాదంది.

పుష్యంలో పక్క ఊళ్ల జంతువులు గుంపులుగా వచ్చాయి. తీరమంతా మునిగితే గవ్వలదిబ్బ ఒక్కటీ ఎలా తేలిందో చూద్దామని. తాటాకు మీద దొరవారి తలుపు అని ఉంది కదా, అందుకని నేరుగా గట్టెక్కి జంబులింగానికే దణ్ణం పెట్టాయి.

"దొరా, మా ఊళ్లోనూ ఇలాంటిది పెట్టుకుంటాం. తలుపు ఏ పక్కకి వేలాడదియ్యాలో చెప్పి పుణ్యం కట్టుకోండి."

జంబులింగం సముద్రం వంక చూశాడు. చేల వంక చూశాడు. తోక నిమురుకున్నాడు. దాంట్లో ఒండు ఇంకా కాస్త మిగిలే ఉంది.

"కింద గంగులున్నాడు. వెళ్లి వాణ్ణడగండి" అన్నాడు.

గంగులు మోకాటి లోతు బురదలో నిలబడి తలుపు కింద గుర్రపుడెక్క లాగుతున్నాడు. పైనుంచి అంతమంది దిగి రావడం చూసి తల ఎత్తాడు. ఈసారి "చూద్దాం" అనలేదు.

"దిగండి, చూపిస్తాను" అన్నాడు.

నీతి: నీళ్లలో నిలబడేవాడి మాట వినకుండా నీళ్లకి దారి వేయబోతే, ముందు కొట్టుకుపోయేది ఆజ్ఞ వేసినవాడే.